కెమెరా ఆన్ చేయకముందు గడిచిన గంటలు

‘ద సెంట్రల్ పార్క్ ఫైవ్’ డాక్యుమెంటరీ అసలు నేరస్థుడి గొంతుతోనే మొదలవుతుంది. వినిపించేది మతియాస్ రేయెస్ 2002లో ఇచ్చిన నేరాంగీకారం. 1989 ఏప్రిల్ 19 రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్ చేస్తున్న 28 ఏళ్ల యువతిని వెంబడించి, కొట్టి, అత్యాచారం చేసింది తానొక్కడినేనని అతను చెబుతాడు. దాంతో ఎవరు చేశారన్న ప్రశ్న మొదటి నిమిషాల్లోనే తేలిపోతుంది. ఇక ప్రేక్షకుడి ముందు మిగిలేది ఒక్క ప్రశ్న. ఆ అమ్మాయిని కంటితో కూడా చూడని పిల్లలు, ఆ దాడిలో తాము ఉన్నామని ఎందుకు చెప్పారు?

ఈ అమరికలోనే సినిమా బలం ఉంది. తప్పుడు శిక్షల మీద వచ్చే చాలా చిత్రాలు పరిశోధన కథలా నడిచి, నిర్దోషిత్వాన్ని చివరికి దాచిపెట్టుకుంటాయి. ఇక్కడ దాచిందేమీ లేదు. సత్యం చేతిలో పెట్టేసి, అబద్ధం ఎలా తయారైందో గంట గంటకూ చూపిస్తారు. కెన్ బర్న్స్, ఆయన కూతురు సారా బర్న్స్, అల్లుడు డేవిడ్ మెక్‌మాన్ కలిసి తీసిన 119 నిమిషాల ఈ చిత్రాన్ని 2012లో కాన్ ఉత్సవంలో తొలిసారి ప్రదర్శించారు. 2013 ఏప్రిల్‌లో పీబీఎస్ ఛానెల్‌లో ప్రసారమైంది, పీబడీ అవార్డు అందుకుంది. కెన్ బర్న్స్ చిత్రాలంటే గుర్తొచ్చే గంభీరమైన వ్యాఖ్యానం ఇందులో లేదు. కథ చెప్పేది ఈ కేసులో శిక్ష పడిన ఆ ఐదుగురే. పిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ల నోట ఎవరో పలికించిన కథ ఒకటి, పెద్దయ్యాక వాళ్లే చెప్పుకుంటున్న కథ మరొకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాక మధ్యలో మూడో గొంతు అక్కర్లేదు.

కేసు సంగతి క్లుప్తంగా. ఆ రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ముప్ఫై మందికి పైగా కుర్రాళ్లు 110వ వీధి వైపు నుంచి పార్కులోకి వెళ్లారు. వాళ్లలో కొందరు దారిన పోయేవాళ్లను, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లను, జాగింగ్ చేసేవాళ్లను కొట్టారు. అది నిజంగా జరిగింది, సినిమా కూడా దాన్ని దాచదు. పోలీసులు కొందరిని పట్టుకుని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మైనర్లు కాబట్టి ఫ్యామిలీ కోర్టు నోటీసులిచ్చి ఇళ్లకు పంపించేసే ఏర్పాట్లలో ఉన్నారు. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో 102వ వీధి అడ్డదారి దగ్గరి పల్లంలో ఆ యువతి కనిపించింది. ఒంట్లో నాలుగింట మూడొంతుల రక్తం పోయింది. పన్నెండు రోజులు కోమాలో ఉంది. స్పృహ వచ్చాక దాడి గురించి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. బాధితురాలు చెప్పలేదు, చూసిన సాక్షి లేడు. స్టేషన్‌లో మాత్రం పిల్లలున్నారు. ఇంటికి వెళ్లాల్సిన పిల్లలు విచారణ గదుల్లోకి వెళ్లారు, మరుసటి రోజు ఇంకొందరిని తెచ్చారు.

చివరికి ఐదుగురి మీద కేసు నిలిచింది. కెవిన్ రిచర్డ్‌సన్, రేమండ్ సాంటానాలకు 14 ఏళ్లు. యాంట్రన్ మెక్‌క్రే, యూసెఫ్ సలామ్‌లకు 15. కోరీ వైజ్‌కు 16. సాంటానా లాటినో, మిగిలిన నలుగురూ నల్లజాతి పిల్లలు. కోరీ పేరు పోలీసుల జాబితాలోనే లేదు. స్నేహితుడు యూసెఫ్‌ను తీసుకెళుతుంటే తోడుగా వెళ్లాడు. ఆ తోడు వెళ్లడానికి పన్నెండేళ్లకు పైగా జైలు పడింది.

విచారణ గది గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ‘చేయని నేరాన్ని ఎవరైనా ఒప్పుకుంటారా’ అన్న అనుమానం తీరకపోతే ఈ సినిమా అర్థం కాదు. అమెరికా పోలీసు శిక్షణలో దశాబ్దాలుగా పాతుకున్న పద్ధతి ఒకటుంది. రీడ్ టెక్నిక్ అంటారు. మొదట మామూలు మాటలతో అనుమానితుడి తీరు గమనిస్తారు. అబద్ధం చెబుతున్నాడని డిటెక్టివ్ ఒక నిర్ణయానికొచ్చాక అసలు పని మొదలవుతుంది. కిటికీల్లేని చిన్న గదిలో ఎదురుగా కూర్చుని, ‘నువ్వే చేశావు, మాకు తెలుసు’ అంటారు. కాదని చెప్పబోతే మాట పూర్తి కానివ్వరు. ఎన్నిసార్లు ‘నేను కాదు’ అని నోరారా అనగలిగితే మనిషి అంత గట్టిపడతాడు కాబట్టి, ఆ మాటను గొంతులోనే ఆపేస్తారు. తర్వాత నేరాన్ని చిన్నది చేస్తారు: నీ తప్పు కాదు, పక్కవాళ్లు లాక్కెళ్లారు, నువ్వు చూస్తూ నిలబడ్డావంతే కదా. చివర్లో రెండు దారులు చూపిస్తారు, రెండూ ఒప్పుకోలే. నువ్వే ముందుండి చేశావా, లేక వాళ్లు చేస్తుంటే అక్కడున్నావా? భయపడిన పిల్లవాడు రెండోది ఎంచుకుంటాడు.

దీనికి తోడు అబద్ధపు సాక్ష్యం. నీ వేలిముద్రలు దొరికాయని, నీ స్నేహితుడు నీ పేరు చెప్పేశాడని పోలీసులు కట్టుకథ చెప్పవచ్చు. 1969లో ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీనికి అడ్డు చెప్పలేదు. యూసెఫ్ సలామ్ విషయంలో బాధితురాలి బట్టల మీద వేలిముద్రలున్నాయన్న ఎత్తు వేసినట్లు డిటెక్టివే కోర్టులో చెప్పాడు. అలాంటి వేలిముద్రలేవీ లేవు.

పెద్దవాళ్ల మీదే పనిచేసే ఈ ఒత్తిడి పద్నాలుగేళ్ల పిల్లవాడి మీద ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ వయసులో మెదడు రేపటి గురించి కాదు, ఈ గది నుంచి ఎప్పుడు బయటపడతామనే ఆలోచిస్తుంది. ఐదుగురినీ స్టేషన్‌లో ఉంచిన సమయం 14 నుంచి 30 గంటల మధ్య. నిద్ర సరిగా లేదు, తిండి సరిగా లేదు. ‘చెప్పెయ్, ఇంటికెళ్లిపోతావు’ అన్న మాట ఐదుగురి జ్ఞాపకాల్లోనూ వినిపిస్తుంది. పదహారేళ్ల లోపు పిల్లల దగ్గర పెద్దలుండాలన్న నిబంధన కాగితం మీద అమలైంది. సాంటానా పక్కన కూర్చున్నది స్పానిష్ తప్ప ఇంగ్లిష్ అంతగా రాని నాయనమ్మ. మెక్‌క్రే పక్కన తండ్రి ఉన్నాడు. ఇక్కడే సినిమాలో అతి కష్టంగా చూడాల్సిన ఘట్టం వస్తుంది. పోలీసులు తండ్రిని బయటికి తీసుకెళ్లి మాట్లాడారు. లోపలికి తిరిగొచ్చిన తండ్రి, వాళ్లేం వినాలనుకుంటున్నారో అదే చెప్పెయ్ అని కొడుకుని గద్దించాడు. కొడుకు చెప్పాడు. మిగతా నలుగురూ తెర మీద ముఖం చూపించారు గానీ మెక్‌క్రే గొంతు మాత్రమే ఇచ్చాడు. తండ్రి గురించి చెప్పేటప్పుడు ఆ గొంతు ఎక్కడెక్కడ ఆగుతుందో వింటే, ముఖం లేని లోటు కాసేపటికి మరిచిపోతాం.

ఇంకో చట్టపరమైన మెలిక ఉంది. నేను ఆమెను అత్యాచారం చేశానని ఐదుగురిలో ఎవరూ చెప్పలేదు. ప్రతివాడూ మిగతావాళ్లు చేస్తుంటే అక్కడ ఉన్నానని, చేయి వేశానని, పట్టుకున్నానని చెప్పాడు. సాక్ష్యం చెప్పి ఇంటికెళుతున్నామనుకున్నారు. కలిసికట్టుగా చేసిన నేరంలో పట్టుకున్నవాడూ చేసినవాడితో సమానమని చట్టం అంటుందన్న సంగతి వాళ్లకు తెలియదు. సాక్షినని నమ్మి చెప్పిన ప్రతి వాక్యమూ ముద్దాయి వాంగ్మూలమైంది.

ఇక టేపుల సంగతి. యూసెఫ్ తల్లి స్టేషన్‌కు చేరుకుని అడ్డుపడటంతో అతను సంతకం చేయలేదు, కెమెరా ముందు మాట్లాడలేదు. మిగిలిన నలుగురివీ వీడియో తీశారు. గంటల తరబడి సాగిన విచారణలో కెమెరా లేదు. మాటలు కుదిరాక, పేర్లు ఖరారయ్యాక, ప్రాసిక్యూటర్ వచ్చి కూర్చున్నాక అప్పుడు ఆన్ చేశారు. జూరీ చూసింది ఆ చివరి భాగమే. అందులో ఎవరూ అరవరు, ఎవరూ బెదిరించరు. ఒక కుర్రాడు నెమ్మదిగా ఘోరం చెబుతుంటాడు. పక్కన తల్లో తండ్రో కూర్చుని ఉంటారు. అంతకన్నా బలమైన సాక్ష్యం ఏముంటుంది?

సినిమా తీసేవాళ్లకు తెలిసిన సంగతే ఇది. షాట్ ఎక్కడ మొదలవుతుందో అక్కడే అర్థం మొదలవుతుంది. దెబ్బ కొట్టడం కత్తిరించి, ఏడవడం మాత్రం ఉంచితే ఏడ్చేవాడు పిరికివాడిలా కనిపిస్తాడు. ఆ వాంగ్మూలాల టేపు కూడా ఎడిట్ చేసిన సినిమాయే, కోత కెమెరా ఆన్ చేయకముందే పడింది. ‘ద సెంట్రల్ పార్క్ ఫైవ్’ చేసిన పని ఆ కోసేసిన గంటలను తిరిగి అతికించడం. టేపు ముక్క చూపిస్తారు, వెంటనే అది రికార్డు కావడానికి ముందు ఏం జరిగిందో ఆ మనిషే ఇరవై ఏళ్ల తర్వాత చెబుతాడు. మళ్లీ టేపు. ఈసారి అదే ముఖంలో వేరే సంగతి కనిపిస్తుంది. కళ్లు వాలిపోతున్నాయి, జవాబు ప్రశ్నలోంచే వస్తోంది, పేర్లు ఎవరో అందించినట్లున్నాయి.

కెమెరా ఎక్కడ పెట్టారన్నది కూడా చిన్న విషయం కాదు. అనుమానితుడి ముఖం మీదే కెమెరా నిలిపితే, చూసేవాళ్లకు అతను ఇష్టపూర్వకంగానే చెబుతున్నట్లు అనిపిస్తుందని ఒహాయో యూనివర్సిటీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ లాసిటర్ వరుస ప్రయోగాల్లో చూపించాడు. ప్రశ్నించేవాడు, చెప్పేవాడు ఇద్దరూ ఒకే ఫ్రేములో సమానంగా కనిపిస్తే ఆ భ్రమ తగ్గుతుంది. న్యూజీలాండ్ పోలీసులు అలాగే తీస్తారు.

ఒక నేరాంగీకారం నిజమా కాదా అని తేల్చడానికి నిపుణులు వాడే కొలమానం కష్టమైనదేం కాదు. పోలీసులకు అప్పటికి తెలియని సంగతి ఏదైనా అతను చెప్పాడా? అతని మాట పట్టుకుని వెళితే కొత్త ఆధారం దొరికిందా? విడిగా రుజువైన వాస్తవాలతో కథ కలుస్తుందా? ఈ మూడింటితో ఆ వాంగ్మూలాలను తూచితే ఏదీ నిలవదు. 2002లో మన్‌హాటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం తరఫున నాన్సీ రయన్ కోర్టుకిచ్చిన 58 పేజీల నివేదిక ఇదే పని చేసింది. ఎవరు మొదలుపెట్టారు, ఎవరు పడగొట్టారు, ఎవరు బట్టలు లాగారు, దేంతో కొట్టారు, ఏ సమయంలో జరిగింది... ప్రధానమైన ప్రతి అంశంలోనూ ఐదుగురి కథలు ఐదు రకాలు. ఒకరి కథలోని స్థలం మరొకరి కథలో లేదు.

సమయం లెక్క మరీ స్పష్టం. ఆమె ఇంటి నుంచి బయల్దేరిన వేళ, పరుగెత్తే దారి, వేగం కలిపి చూస్తే దాడి రాత్రి తొమ్మిదింపావు ప్రాంతంలో జరిగి ఉండాలి. అదే సమయంలో కుర్రాళ్ల గుంపు ఎక్కడుందో వాళ్ల చేతిలో దెబ్బలు తిన్న వేరే బాధితుల ఫిర్యాదులు చెబుతున్నాయి. రెండూ ఒకచోట పొసగవు. సినిమాలో ఇదంతా పార్కు మ్యాపు మీద గడియారంతో చూపిస్తారు. అలాగే నేల మీది ఆనవాలు. రోడ్డు నుంచి చెట్లలోకి ఆమెను ఈడ్చుకెళ్లిన జాడ గడ్డిలో అడుగున్నర వెడల్పు మాత్రమే ఉంది. ఒక్కడు ఈడ్చితే పడే జాడ అది. పదిమంది నడిస్తే గడ్డి అలా ఉండదు.

మరి డీఎన్‌ఏ? 1990 నాటికే పరీక్ష ఉంది, జరిగింది కూడా. ఐదుగురిలో ఎవరితోనూ సరిపోలలేదు. అక్కడితో ఆగాల్సిన కేసు ఆగలేదు. తప్పించుకున్న ఇంకొకడు ఉన్నాడు, ఇది వాడిది అన్నారు. సిద్ధాంతానికి అడ్డొచ్చిన ఆధారాన్ని చూసి సిద్ధాంతం మార్చుకోకుండా, ఆధారం చుట్టూ సిద్ధాంతాన్ని పెంచుకుంటూ పోవడం అంటే ఇదే. రిచర్డ్‌సన్ బట్టల మీద దొరికిన వెంట్రుకలు బాధితురాలివాటిని ‘పోలి ఉన్నాయి’ అని మైక్రోస్కోపు చూసి చెప్పారు. పోలి ఉండటం వేరు, ఆమెవి కావడం వేరు. 2002లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆమెవి కావని తేలింది.

ఇంతలో అసలు మనిషి ఊళ్లోనే ఉన్నాడు. ఆ దాడికి రెండు రోజుల ముందు రేయెస్ అదే పార్కులో మరో మహిళపై అత్యాచారం చేశాడు. ఆ వేసవిలో ఇంకొందరిపై దాడి చేశాడు, ఒక గర్భిణిని చంపాడు. 1989 ఆగస్టులో పట్టుబడ్డాడు. ఐదుగురి విచారణ మొదలవకముందే అతను కస్టడీలో ఉన్నాడు. అతని డీఎన్‌ఏను ఈ కేసులో దొరికినదానితో పోల్చి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఎందుకంటే కేసు ‘తేలిపోయింది’. తప్పుడు వ్యక్తిని జైల్లో పెట్టడం వల్ల ఒక నిర్దోషికే నష్టమనుకుంటారు చాలామంది. పిల్లల్ని పట్టుకుని కేసు ముగిసిందనుకున్న ఆ నెలల్లో రేయెస్ బారిన పడిన ఆడవాళ్లను కూడా ఆ లెక్కలో చేర్చాలి.

1990లో రెండు విడతలుగా విచారణ జరిగింది. మొదటి జూరీ పది రోజులు చర్చించింది. శిక్షకు ఒప్పుకోకుండా పట్టుబట్టిన ఒక సభ్యుడు సినిమాలో మాట్లాడతాడు. వాంగ్మూలాల్లో పొంతన లేదని గ్రహించాడు, చివరికి మిగతావాళ్ల ఒత్తిడికి అలసిపోయి ఒప్పుకున్నాడు. విచారణ గదిలో పిల్లలకు జరిగిందీ, జూరీ గదిలో ఆయనకు జరిగిందీ ఒకే రకం లొంగుబాటు. సినిమా ఈ పోలిక పైకి చెప్పదు, రెండు దృశ్యాలనూ మన ముందు పెట్టి వదిలేస్తుంది.

నలుగురు మైనర్లకు 5 నుంచి 10 ఏళ్లు, కోరీకి 5 నుంచి 15 ఏళ్లు శిక్ష పడింది. నలుగురూ ఆరేడేళ్లు లోపలున్నారు. పదహారు నిండిన కోరీని న్యూయార్క్ చట్టం పెద్దవాడిగా లెక్కగట్టింది, రైకర్స్ ఐలండ్‌తో మొదలుపెట్టి పెద్దల జైళ్లకు పంపింది. 2001లో ఆబర్న్ జైల్లో కోరీ, రేయెస్ ఎదురుపడ్డారు. ఆ తర్వాతే రేయెస్ నిజం చెప్పాడు, డీఎన్‌ఏ సరిపోయింది. 2002 డిసెంబర్ 19న జస్టిస్ చార్ల్స్ తేహాదా ఐదుగురి శిక్షలనూ రద్దు చేశారు. రేయెస్‌పై ఈ కేసు పెట్టడానికి మాత్రం చట్టం ఇచ్చిన గడువు దాటిపోయింది.

ఇదంతా విచారణ లోపమే అయితే, జాతి వివక్ష ఎక్కడుంది? ఎవరి మాట నమ్మాలి, ఎవరిని అనుమానించాలి అన్న మొదటి అడుగులోనే ఉంది. బాధితురాలు వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం చేసే తెల్లజాతి యువతి. నిందితులు నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్ వైపు పిల్లలు. పత్రికలు ‘వైల్డింగ్’ (గుంపుగా తిరుగుతూ దొరికినవాళ్ల మీద పడటం) అన్న మాట ఎత్తుకున్నాయి, తోడేళ్ల మంద అన్నాయి. మనిషిని జంతువు పేరుతో పిలిచాక అతని వయసెంత అని ఎవరూ అడగరు. కేసు విచారణకు రాకముందే, 1989 మే 1న డొనాల్డ్ ట్రంప్ 85 వేల డాలర్లు ఖర్చు పెట్టి నాలుగు న్యూయార్క్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. మరణశిక్షను వెనక్కి తెండి, పోలీసులను వెనక్కి తెండి అన్నది దాని సారాంశం. జూరీలో కూర్చోబోయేవాళ్లు చదివే పత్రికలవి. ఆ మరుసటి రోజే బ్రూక్లిన్‌లో ఒక నల్లజాతి మహిళను అత్యాచారం చేసి భవనం పైనుంచి తోసేశారు. ఈ కేసుకు పత్రికల్లో దొరికిన చోటుతో పోలిస్తే ఆ వార్తకు ఆవగింజంత దొరికిందంటే గొప్పే. సినిమాలో చరిత్రకారుడు క్రెయిగ్ స్టీవెన్ వైల్డర్, పాత్రికేయుడు జిమ్ డ్వయర్, పరిశోధకురాలు నటాలీ బైఫీల్డ్ ఈ వాతావరణాన్ని విప్పి చెప్పే భాగాలు విచారణ గది దృశ్యాలంత ముఖ్యమైనవి. డ్వయర్, బైఫీల్డ్ అప్పటి న్యూయార్క్ పత్రికల్లో పనిచేసినవాళ్లు కాబట్టి, వాళ్లు విప్పేది సొంత వృత్తి చేసిన తప్పు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదని లెక్కలు చెబుతున్నాయి. నేషనల్ రిజిస్ట్రీ ఆఫ్ ఎగ్జోనరేషన్స్ 2022 నివేదిక ప్రకారం, అమెరికా జనాభాలో నల్లజాతివారు 13.6 శాతం. శిక్ష పడ్డాక నిర్దోషులని తేలిన సుమారు 3,200 మందిలో వాళ్లు 53 శాతం. చేయని హత్యకు శిక్ష పడే ప్రమాదం తెల్లవారితో పోలిస్తే వాళ్లకు ఏడున్నర రెట్లు, లైంగిక దాడి కేసుల్లో ఎనిమిది రెట్లు.

సినిమాలో లోటు లేదా అంటే ఉంది. విచారించిన పోలీసులు, ప్రాసిక్యూటర్లు ఇంటర్వ్యూకు ఒప్పుకోలేదు, ఆ విషయం చివర్లో అక్షరాలుగా పడుతుంది. 2003 జనవరిలో న్యూయార్క్ పోలీసు శాఖ వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీ, విచారణలో దుష్ప్రవర్తన లేదని, ఐదుగురు కూడా ఆమెపై దాడి చేసి ఉండవచ్చని రాసింది. ఆ వాదనకు సినిమాలో ఇంకాస్త చోటిచ్చి, పై కొలమానం మీద పెట్టి తూచి ఉంటే బాగుండేది. తూచితే ఆ వాదనే బలహీనపడేది. దాడి చేసినట్లు చెప్పే ఆధారం ఆ వాంగ్మూలాలు తప్ప మరొకటి లేదు. నెత్తుటి మడుగులో పదిమంది తిరిగారంటున్న చోట ఐదుగురి తాలూకు భౌతిక ఆనవాలు ఒక్కటైనా దొరక్కపోవడాన్ని ఆ నివేదిక దాటవేయగలిగింది గానీ వివరించలేకపోయింది.

డాక్యుమెంటరీలు తీసేవాళ్లు ఈ సినిమా చుట్టూ నడిచిన మరో కేసును తప్పక చదవాలి. ఐదుగురూ 2003లో నగరంపై 25 కోట్ల డాలర్లకు దావా వేశారు. అది నడుస్తుండగానే, 2012 సెప్టెంబర్‌లో సినిమాలో వాడని ఫుటేజి కూడా మొత్తం ఇవ్వాలని నగర న్యాయవాదులు నిర్మాణ సంస్థ ఫ్లోరెంటైన్ ఫిల్మ్స్‌కు సమన్లు పంపారు. ఐదుగురు కెమెరా ముందు చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ ఎక్కడైనా తేడా దొరుకుతుందేమోనని వెతుకులాట. అంతకు ముందే ఒక చెడ్డ ఉదాహరణ ఉంది. ఈక్వడార్‌లో చెవ్రాన్ చమురు కాలుష్యంపై జో బెర్లింజర్ తీసిన డాక్యుమెంటరీ రషెస్‌ను, అంటే ఎడిట్ చేయని ముడి ఫుటేజిని, ఇచ్చేయమని కోర్టు ఆదేశించింది, అప్పీలు కోర్టూ సమర్థించింది. కారణం, ఫిర్యాదుదారుల లాయరే దర్శకుణ్ని అడిగి సినిమా తీయించాడు, వాళ్లు అడిగితే ఒక దృశ్యం తీసేశారు. ఇంకొకరి పక్షాన పనిచేసినవాడికి పాత్రికేయుడి రక్షణ వర్తించదని కోర్టు తేల్చింది.

సారా బర్న్స్ విషయంలోనూ నగరం ఇదే పట్టుకుంది. ఆమె విద్యార్థినిగా ఉన్నప్పుడు ఈ ఐదుగురి లాయర్ల దగ్గర వేసవిలో పనిచేసింది. కానీ తర్వాత డిగ్రీ థీసిస్, పుస్తకం, సినిమా అన్నీ తనంతట తాను చేసినవి. ఎడిటింగ్ మీద ఎవరికీ అధికారం ఇవ్వలేదు. 2013 ఫిబ్రవరిలో మేజిస్ట్రేట్ జడ్జి రొనాల్డ్ ఎల్లిస్ సమన్లు కొట్టేశారు. నడుస్తున్న కేసు మీద సినిమా తీసేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవాల్సింది నిర్దిష్టంగానే ఉంది. బాధితుల లాయర్ల నుంచి డబ్బు తీసుకోకూడదు. ఫైనల్ కట్ మన చేతిలోనే ఉంటుందని మొదటి రోజే కాగితం మీద పెట్టుకోవాలి. కట్ చూపించి సలహా అడిగితే, ఏ మార్పు ఎందుకు చేశామో రాసుకోవాలి. రషెస్‌లో ఉన్న ప్రతి మాటా రేపు ఎదుటి లాయర్ చేతిలో పడవచ్చని ఇంటర్వ్యూ ఇచ్చే మనిషికి ముందే చెప్పాలి. అది దర్శకుడి బాధ్యత.

2014లో దావా 4.1 కోట్ల డాలర్లకు రాజీ అయింది. జైల్లో గడిపిన ఏడాదికి సుమారు పది లక్షల డాలర్ల లెక్క. కోరీకి 1.22 కోట్లు, మిగతా నలుగురికి తలా 71 లక్షలు. 2016లో రాష్ట్రం మరో 39 లక్షలు ఇచ్చింది. సినిమా వల్లే రాజీ కుదిరిందని అనడం అతిశయోక్తి అవుతుంది, మేయర్ మారడం పెద్ద కారణం. ఐదుగురి ముఖాలు ఇంటింటా తెలిశాక నగరం మునుపటి పట్టు పట్టడం కష్టమైందన్నది మాత్రం కాదనలేం.

ఇదే కథను 2019లో ఏవా డువర్నే నాటకీయ సిరీస్‌గా తీస్తే ఎంతో ఎక్కువమంది చూశారు. అయితే పాత్రల నోట కల్పించిన సంభాషణలుంటాయి కాబట్టి మాజీ ప్రాసిక్యూటర్ లిండా ఫేర్‌స్టీన్ పరువునష్టం దావా వేయగలిగింది. 2024లో అది రాజీతో ముగిసింది. డాక్యుమెంటరీకి ఆ ప్రమాదం అంతగా లేదు, అందులోని ప్రతి మాటా ఎవరో ఒకరు కెమెరా ముందు తమ పేరుతో చెప్పినదే. కదిలించే శక్తి సిరీస్‌కు ఎక్కువ ఉండవచ్చు, ఆధారంగా నిలిచేది మాత్రం డాక్యుమెంటరీయే.

చట్టం కూడా కదిలింది, ఆలస్యంగా. 2018 ఏప్రిల్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో తీవ్రమైన నేరాల కస్టడీ విచారణను వీడియో తీయడం తప్పనిసరి. చివరి ఇరవై నిమిషాలు కాదు, మొత్తం. పదహారేళ్లవాళ్లను పెద్దలుగా లెక్కగట్టే పద్ధతిని 2018లో, పదిహేడేళ్లవాళ్ల విషయంలో 2019లో ఆపారు. మైనర్లకు అబద్ధపు సాక్ష్యం చూపి వాంగ్మూలం తీసుకుంటే చెల్లదని 2021లో ఇల్లినాయ్, ఒరెగాన్ రాష్ట్రాలు చట్టం చేశాయి.

తెలుగు ప్రేక్షకుడికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది, మన దగ్గర పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు కదా అని. నిజమే. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ అదే చెబుతాయి. అయితే నిందితుడి మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాట చెల్లుతుంది. ఒత్తిడి పెట్టేవాడికి ఆ సందు చాలు. ‘రికవరీ’ పంచనామాల చుట్టూ ఇన్ని వివాదాలు అందుకే. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో దళిత యువకుడు సత్యంబాబుకు 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా ప్రకటించేనాటికి దాదాపు ఎనిమిదేళ్లు జైల్లో గడిచాయి. హైకోర్టు ఇప్పించమన్న పరిహారం లక్ష రూపాయలు. విచారణ గదులు సహా ప్రతి పోలీస్ స్టేషన్‌లో మాట, బొమ్మ రెండూ రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని, ఫుటేజి కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కస్టడీలో ఒత్తిడి జరిగిందన్న ఫిర్యాదు ఉంటే, ఆ గడువు దాటకముందే ఫుటేజి భద్రపరచమని రాతపూర్వకంగా అడగాలి. ఏడాది దాటాక అడిగితే ‘చెరిగిపోయింది’ అన్న జవాబే వస్తుంది.

సెంట్రల్ పార్కు కేసులో ఆరో కుర్రాడు కూడా ఉన్నాడు. స్టీవెన్ లోపెజ్, అప్పటికి 15 ఏళ్లు. అత్యాచారం కేసులో విచారణ ఎదుర్కోవడానికి బదులు, అదే రాత్రి ఒక మగ జాగర్‌ను దోచుకున్నానని నేరం ఒప్పుకుని మూడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2002 తీర్పు అతని దాకా రాలేదు. కోట్ల డాలర్ల రాజీలో అతని పేరు లేదు, ‘ఫైవ్’ అన్న మాటలోనూ లేదు. 2022 జూలై 25న కోర్టు అతని నేరాంగీకారాన్ని రద్దు చేసింది. అప్పటికి 33 ఏళ్లు గడిచాయి.